మృగశిరకు ముందు తీసిన డీజిలు

నిన్న పొద్దున మా వాడకట్టులో ఆటో నడిపే కుర్రవాడు ఒక బండిలోంచి ఇంకో బండిలోకి పెట్రోలు తీయడానికి సన్నటి పైపు నోట్లో పెట్టుకుని పీలుస్తుంటే, చేతిలోని కూరగాయల సంచి కింద పడేసి వద్దు వద్దని అరిచాను. వాడు బిత్తరపోయి నవ్వాడు, ఈ ముసలమ్మకు ఏమైందనుకున్నాడో ఏమో. నేను మాత్రం ఇంట్లోకి వచ్చి చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

డెబ్బైల చివరి మాట. అప్పుడు మేము ఇప్పటిలా వరంగల్‌లో కాదు, ఏటూరునాగారం అవతల గోదావరి ఒడ్డున ఒక రేవు ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయన లాంచీ నడిపేవాడు. లాంచీ మాది కాదు, వేలంలో రేవు పాట పాడుకున్న షావుకారుది. అయినా దాని బాగోగులన్నీ మా నెత్తిమీదే ఉండేవి. ఎండాకాలం గోదావరి సన్నని పాయలుగా చీలిపోతే జనం చెప్పులు చేతబట్టుకుని ఇసుకలో నడిచే దాటేవారు, మీలో ఆ వైపు వాళ్ళుంటే ఎరుకే. అన్ని నెలలూ లాంచీ ఇసుకలో ఒరిగి ఎండకు ఎండేది. మృగశిర కార్తె దగ్గరపడుతుందనగా మా ఆయన చేసే మొదటి పని, ట్యాంకీలో మిగిలిన పాత డీజిలు తీసేయడం. నిలవున్న డీజిలులో నీళ్ళు చేరి అడుగున నల్లటి మడ్డి పేరుకుంటుంది. దాంతోనే నడిపితే ఇంజను నడి గోదాట్లో ఆగిపోతుంది, వరదలో ఇంజను ఆగిన లాంచీ ఎక్కడ తేలుతుందో ఎవరూ చెప్పలేరు. ట్యాంకీ అడుగున డీజిలు వదలడానికి నట్టు ఒకటి ఉన్నా తుప్పుపట్టి ఏళ్ళుగా కదలలేదు, అందుకని ఆయన పైపుతో నోటితోనే లాగి, ధార రాగానే డబ్బాలోకి వదిలేవాడు. ఆ రోజు ఇక అన్నం సహించక ఉల్లిగడ్డ నమిలి పడుకునేవాడు.

ఆ ఏడు ఎగువన వానలు ముందే పడ్డాయి. ఆయనకు జ్వరం వచ్చి తగ్గి ఒళ్ళింకా తూలుతోంది, అయినా షావుకారు తొందరపెడుతున్నాడని నేను వద్దన్నా వెళ్ళాడు. పైపు పీలుస్తుండగా దగ్గు తెర వచ్చి డీజిలు ఊపిరిలోకి పోయింది. నేను గంజి తీసుకుని వెళ్ళేసరికి ఇసుకలో మోకాళ్ళ మీద వంగి దగ్గుతూ, ఏం కాలేదని చేత్తో సైగ చేశాడు. మధ్యాహ్నానికి పెదవులు నల్లబడ్డాయి. జీపులో ములుగుకు, అక్కడినుంచి బస్సులో వరంగల్ పెద్ద దవాఖానకు, దారిపొడుగునా నా భుజం మీద తలవాల్చి గాలి కోసం నోరు తెరుస్తూనే ఉన్నాడు.

నేనూ మా అత్తా దవాఖాన వరండాలో పడి ఉండగానే, నీళ్ళొచ్చాయనీ, ఆయన బదులు మా మరిది లాంచీ తీయబోతున్నాడనీ ఊరినుంచి వచ్చిన మనిషి చెప్పాడు. అది విని ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ట్యాంకీల పాతది సగం అట్లనే ఉన్నది. అది తియ్యకుండ తమ్మున్ని లాంచి తియ్యనియ్యకు. నువ్వు పో," అన్నాడు, మాటకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ.

ఆ స్థితిలో మనిషిని వదిలి ఎట్లా కదలను? కబురు పంపితే ఉడుకు నెత్తురు మరిది వింటాడన్న నమ్మకమూ లేదు. నేను తటపటాయిస్తుంటే మా అత్త, "నేనుంట గని పోయిరా బిడ్డా. ఈడు నా కడుపే, ఆడూ నా కడుపే," అన్నది. ఆ మాటతో లేచి బస్సెక్కాను.

రేవులో జనం అప్పటికే మూటలతో కూర్చుని ఉన్నారు. సంగతి చెప్పగానే మరిది పైపు అందుకుని, "గంతే గద వదినె, జర సేపట్ల గుంజి పారేస్త," అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చి పైపు లాక్కుని ఏట్లోకి విసిరేశాను. "అన్న పానం మీదికొచ్చింది సాలదా? నోట్ల పెట్టినవంటే నేను గిట్లనే గోదాట్ల దుంకుత!"

తర్వాత ఇద్దరం ఆ నట్టు మీద కిరసనాయిలు పోసి, నానబెట్టి, పానా పెట్టి సుత్తితో కొట్టాం. జనం గొణిగారు, కొందరు తిట్టారు కూడా. అరచేతులు బొబ్బలెక్కాక ఎప్పటికో అది కదిలింది. ముందు నీళ్ళు, తర్వాత నల్లటి మడ్డి, ఆ తర్వాత డీజిలు. కొత్తది పోస్తే ఇంజను అందుకుంది. లాంచీ అవతలికి పోయి తిరిగి వచ్చేదాకా ఒడ్డునే నిలబడి, ఆ మురికి చేతులతోనే వరంగల్ బస్సెక్కాను.

"తీసిండ్రా?" అని అడిగాడు నన్ను చూడగానే. తీసినమన్నాను. "ఇగ పండుకుంట," అని కళ్ళు మూసుకుంటే, భయంతో ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

బతికాడు. కానీ ఆ ఊపిరితో మళ్ళీ లాంచీ ఎక్కలేకపోయాడు. వరంగల్ చేరాం, నేను పత్తి మిల్లుకు పోయాను, ఆయన చిన్న పాన్‌డబ్బా పెట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ ఎనభైలన్నీ అట్లాగే వెళ్ళదీశాడు. ఏడవడానికి తీరిక దొరికేలోపే వయసైపోయింది. ఆయనా పోయాడు.

పోయినేడు ఒక పెళ్ళికి వెళుతూ గోదావరిని వంతెన మీద బస్సులో దాటాను. రేవు ఎక్కడుండేదో కిటికీలోంచి వెతుక్కునేలోపే అవతలి ఒడ్డు వచ్చేసింది. మంచిదే, ఇప్పుడు నది దాటడానికి ఎవరి ఊపిరీ అక్కర్లేదు. పక్క సీట్లో అమ్మాయి ఏం చూస్తున్నావమ్మా అని ఆప్యాయంగానే అడిగింది. చెబుదామనుకున్నాను. కానీ ముందు రేవంటే ఏమిటో చెప్పాలి, లాంచీ కోసం జనం పూటలు పూటలు ఎందుకు కూర్చునేవారో చెప్పాలి. అంత ఓపిక లేక, ఏం లేదు బిడ్డా అని కళ్ళు మూసుకున్నాను.