తైలం తుడిచే గుడ్డ

శంషాబాద్‌ల బస్సెక్కి, కొత్త తెల్లగుడ్డ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న. పక్కసీట్ల పెద్దమ్మ, ఎయిర్‌పోర్టుల ఊడ్చే పని చేసొస్తున్న మనిషి, "గదేంది బిడ్డా?" అని అడిగింది.

"శనివారం నాకు గురుపట్టాభిషేకం పెద్దమ్మా, ఫాదర్‌నైత. బిషప్‌గారు నా చేతులకు తైలం పూస్తరు. ఈ గుడ్డతోని తుడిచి అమ్మకిస్తరు. ఆమె పోయేదాకా దాచుకుంటది."

"మీ అమ్మ ఎంత సంబురపడతదో!"

"అమ్మ లేదు. ఎవ్వరూ లేరు."

ఫాదర్ చదువు చదివే సెమినరీల అందరికీ చుట్టాలొచ్చే ఆదివారాలు నేను ప్రార్థన గదిల కూర్చునేటోణ్ణి. అక్కడికి దేవుడు కూడా రాలేదనిపించేది.

ఆమె గుడ్డ అంచు తడిమింది. "గట్లయితే నేనొస్త" అన్నది. ఏ చర్చో అడిగి రాజేంద్రనగర్‌ల దిగిపోయింది. పేరన్నా అడగకపోతిని.

శుక్రవారం మా సెమినరీ ఫాదర్‌గారు, "అమ్మకు గుడ్డ ఇచ్చే ఘట్టం తీసేద్దామా?" అన్నరు.

"ఉంచండి ఫాదర్. అమ్మ వస్తది."

అంత ధీమాగా నేనెన్నడూ ప్రార్థన కూడా చెయ్యలే.

శనివారం తైలం పూసి, చేతులు తుడిచిన్రు. "తల్లిగారు ముందుకు రావాలి" అని మైకుల పిలిచిన్రు. ఎవ్వరూ లేవలే. నేను తలుపు దిక్కే చూస్తున్న.

గుమ్మం కాడ నుంచి చర్చంతా మోగింది ఒక గొంతు:

"ఆగుండ్రి, వస్తున్న! బస్సు లేటైంది!"