ఉప్పు చూసి పో

మా దిక్కున మనిషి ఎదురైతే ముందు క్షేమం అడగరు, కూర అడుగుతారు. "తిన్నవా? ఏం కూర?" అంటారు. బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషి కూడా రెండు ఊళ్లు దాటకముందే అడిగేస్తుంది. అది పలకరింపు మాత్రమే. కానీ బాన్సువాడలో సర్కారు బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండి పెట్టేదాన్ని కనుక, ఆ మాటలో రెండు ముక్కలున్నాయని నాకు తెలుసు. "తిన్నవా" అంటే ఎవరైనా "తిన్న" అనే అంటారు. అక్కడ అబద్ధం సులువుగా దాటిపోతుంది. "ఏం కూర" దగ్గర చిక్కుకుంటుంది. తిన్న పిల్ల టక్కున చెప్తుంది. బెండకాయ, జిగటజిగటగా ఉంది, నాకు నచ్చలేదు అని ఫిర్యాదు కూడా చేస్తుంది. తినని పిల్ల ముందు ఆలోచిస్తుంది.

ఆ ఎండాకాలం సెలవులు ఇచ్చిన మూడో రోజు, వంటగిన్నెలు తోమి బోర్లించి వద్దామని బడికి వెళ్లాను. గేటు పక్కన ఒక పిల్ల నిలబడి ఉంది. నాలుగో తరగతి. మా వాడకట్టు పిల్లే, మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటారు. తల్లి బీడీలు చుడుతుంది. తండ్రి వరికోత మిషన్ వెంట పనికి పోయి ఊళ్లు తిరుగుతుంటాడు. పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. వెనకాల పళ్లెం ఎండకు తళుక్కుమంది.

"బడి లేదు గద బిడ్డా, ఎందుకొచ్చినవ్?"

"తెల్సు అవ్వ. ఊకెనే వచ్చిన."

"తిన్నవా?"

"తిన్న."

"ఏం కూర?"

పిల్ల నా మొహం చూసింది, బడి గోడ చూసింది. గోడ మీద రోజువారీ వంటల పట్టీ రాసి ఉంటుంది. అది చదివి, "పప్పు" అంది.

నాకు నవ్వు రావాలి. రాలేదు.

వాళ్లింట్లో గింజలే లేవని కాదు. రేషన్ బియ్యం వస్తాయి. కానీ ఆ తల్లి తెల్లారకముందే ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవదు. ఆకు తడి ఆరకముందే కత్తిరించాలి, చుట్టాలి, దారం కట్టాలి. పొయ్యి వెలిగేది సాయంత్రం ఒక్కసారే. మిగిలిన సద్దన్నం పొద్దున తలా పిడికెడు. మధ్యాహ్నం సంగతి బడి చూసుకునేది కనుక ఆ ఇంటికి ఆ పూట వంట అలవాటే లేదు. బడికి తాళం పడితే ఆ పూటకూ తాళం పడింది. ఈ పిల్లకు ఒక చెల్లె కూడా ఉంది, ఒకటో తరగతి.

ఇంటికొచ్చి అనుకున్నాను. బడి తెరవడానికి ఇంకా నెలన్నర. పొయ్యి ఉంది, చేయి ఉంది, ఇంట్లో బియ్యం ఉన్నాయి. నా ఇంటాయన పోయాక నాకొక్కదానికి ఎంత కావాలి? వండుతాను, అంతే. ఈ పిల్లలు నా కళ్లముందు ఎండిపోవడానికి వీల్లేదు.

మర్నాడే వండాను. వండి, పెద్ద తప్పు చేశాను. బడిలో అలవాటైనట్టే గడపలో నిలబడి గరిటెతో పళ్లెం మోగించాను. అయిదారుగురు పరుగెత్తుకొచ్చి, బడిలో మాదిరే వరసగా నిలబడ్డారు. నేను సంబరంగా వడ్డిస్తున్నాను. ఇంతలో ఆ పిల్ల తల్లి వచ్చింది. చేతులకు పొగాకు పొడి అలాగే ఉంది.

"ఏందక్కా, మా ఇంట్ల పొయ్యి ఆరిపోయిందని నీకెవలు చెప్పిండ్రు?"

"గట్లెందుకంటవ్ చెల్లె? బడిల రోజూ నా చేతి బువ్వనే తింటది గద."

"బడిల అందరు తింటరు. గీడ చూడు, ఎవల ఇంట్ల లేదో వాళ్లే నిలబడ్డరు. వాడకట్టంత చూస్తుంది. రేపు నా బిడ్డను ఏమని పిలుస్తరు?"

చెయ్యి పట్టుకుని లాగింది. ఆ పిల్ల పోతూ పోతూ పళ్లెం నా గడప మీద పెట్టింది. ఒక్క మెతుకు కింద పడకుండా, రెండు చేతులతో, మెల్లగా పెట్టింది. తల్లి కసురు కన్నా అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు ఎవరూ రాలేదు. వండిన అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆమె అన్నదాంట్లో తప్పు దొరకలేదు. ఆకలి ఉన్నవాళ్లను ఏరి, వీధిలో వరస కట్టించి చూపెట్టింది నేనే.

ఎప్పటిదో అప్పుడు గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు అమ్మ కూలికి పోయేది. పక్కింట్లో ఒక ముసలమ్మ ఉండేది. మధ్యాహ్నం అయ్యేసరికి గోడ మీది నుంచి కేకేసేది. "ఓ పిల్లా, నా నాలిక సచ్చింది, జర వచ్చి ఉప్పు చూసి పో." నేను ఉరికేదాన్ని. గిన్నెలో అన్నం పెట్టి, చారు పోసి, నా మొహమే చూస్తూ కూర్చునేది. ఒక్క ముద్దకు తెలియదనేది. అడుగుదాకా తింటేనే ఉప్పు తేలుతుందనేది. నేను తిని, ఆలోచించి, "సరిపోయింది" అని తీర్పు చెప్పేదాన్ని. నేను లేకపోతే ఈ ముసలమ్మ ఏమైపోయేదో అని ఎంత గర్వపడ్డానో! మూడో తరగతితో చదువు ఆగినా, ఆ ఉద్యోగం మాత్రం రెండు ఎండాకాలాలు చేశాను. యాభై దాటాక, ఎవరూ ముట్టని అన్నం ముందు కూర్చున్న ఆ రోజు తెలిసింది నాకు. ఉప్పు చూడటానికి అంత అన్నం ఎవరైనా పెడతారా?

మరుసటి రోజు ఆ పిల్ల దుకాణానికి చాయపత్తి కోసం పోతుంటే కనిపెట్టి పిలిచాను.

"ఓ బిడ్డా, నాకు జరమొచ్చి నాలిక సప్పబడ్డది. జర ఉప్పు చూసి పో."

"అమ్మ తిడ్తది అవ్వ."

"తిననీకి పిలుస్తలేను. ఉప్పు చూడనీకి పిలుస్తున్న."

పిల్ల వీధి అటూ ఇటూ చూసి లోపలికి వచ్చింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "సరిపోయింది" అని లేవబోయింది.

"ఒక్క బుక్కకు ఏం తెలుస్తది? కూసో. అడుగుదాక చూసి చెప్పు."

అడుగుదాకా చూసింది. ఇంకోసారి పెట్టించుకుని కూడా చూసింది. తర్వాత, "కారం మా చెల్లె మంచిగ చూస్తది అవ్వ" అంది, ఎటో చూస్తూ.

అలా రెండో ఉద్యోగం కూడా ఇచ్చాను. వారం తిరగకుండా మా ఇంట్లో పులుపు చూసేవాళ్లు, అన్నం పలుకు చూసేవాళ్లు, ఊరికే వాసన చూసేవాళ్లు కూడా తయారయ్యారు. ఎవరి పని వాళ్లదే. పులుపు చూసేది ఉప్పు సంగతి మాట్లాడితే కొట్లాటే. ఒకనాడు ఉప్పు పిల్ల నన్ను నిలదీసింది.

"అవ్వా, రోజూ సరిగ్గనే ఉంటుంది గద. ఇగ మేమెందుకు?"

అప్పటినుంచి ఒకరోజు కావాలని ఉప్పు తక్కువ వేసేదాన్ని, ఒకరోజు చింతపండు మరిచిపోయినట్టు నటించేదాన్ని. "సూసినవా, నువ్వు లేకుంటే గింతే సంగతి" అంటే ఆ పిల్ల మెడ నిటారుగా అయ్యేది.

పదిహేను రోజులకు నా బియ్యం డబ్బా అడుగు కనిపించింది. ఆపుదామన్న ఆలోచన మాత్రం రాలేదు. బీర్కూర్ బస్సెక్కాను. దారిలో కాలువ కింద ఒక క్యాంపు ఉంది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులు అక్కడ ఉంటారు. ఒకప్పుడు ఒక ఇంటివాళ్ల పొలంలో నాట్లు వేశాను. ఆ ఇంటమ్మ నన్ను చూసి వాకిట్లోకి వచ్చింది.

"ఏమ్మోయ్, బొత్తిగా నల్లపూసవైపోయావే! భోంచేసే వచ్చావా?"

"తిన్ననమ్మా."

"ఏం కూరేంటి?"

నేను ఆలోచించాను. ఆలోచిస్తూనే దొరికిపోయానని తెలిసింది. పొద్దున్నుంచి చాయ తప్ప ఏమీ కడుపులో పడలేదు. ఆమె కంచం తెచ్చి పెట్టింది. తింటూ సంగతంతా చెప్పాను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"ఆ ఉద్యోగమేదో మా మనవళ్లకీ ఇప్పించవే. అన్నం తినమంటే పారిపోతున్నారు, గాడిద కొడుకులు!"

నూకల మూట, కందిపప్పు మూట బస్సులో పెట్టించింది. "మళ్లీ రా. అయిపోయాక కాదు, అయిపోకముందే రా" అంది.

ఇలా సాగుతుండగా ఒకరోజు నేను నిజంగానే రెండుసార్లు ఉప్పు వేశాను. నటన కాదు, మాటల్లో పడి మరిచిపోయాను. పిల్లలు "థూ" అంటూ బయటికి ఉరికారు. వాడకట్టంతా గోల. కాసేపటికి గుమ్మంలో నీడ పడింది. ఆ తల్లి. చేతులకు మళ్లీ అదే పొగాకు పొడి. ఈసారి పిల్లలను లాక్కుపోతే ఇక రారు. గరిటె పట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డాను. తిడితే తిట్టనీ, కదలను అనుకున్నాను.

"అక్కా, నీ నాలిక జరం ఇంక తగ్గలేదా?"

"తగ్గలే చెల్లె."

"దవాఖానకు పోయినవా?"

"గీ జరం దవాఖానల తగ్గేది గాదు. బడి తెరిస్తెనే తగ్గుతది."

ఆమె నవ్వలేదు. "నాకు మొదటి దినమే తెల్సు. ఇంటికొచ్చిన బిడ్డ బువ్వ అడుగకపోతె తల్లికి తెల్వదా?"

"మరెందుకు ఊకున్నవ్?"

"తింటుంది గద అని ఊకున్న." ఆ మాట అంటున్నప్పుడు తల పక్కకు తిప్పుకుంది. "గని ఊకున్న కొద్ది నాకు ముద్ద దిగుతలేదు."

తర్వాత ఆమె చేతులు కడుక్కుని వచ్చి, గిన్నెలోంచి ఇంత పప్పు అరచేతిలో వేసుకుని నాకింది. మొహం చిట్లించింది.

"ఇదేం ఉప్పక్కా! బర్లు గూడ ముట్టయి. జరుగు, జరుగు." నన్ను పక్కకు తోసి, నీళ్లు పోసి, నా డబ్బాలన్నీ వెతికి మూడు ఆలుగడ్డలు పట్టుకుని కోసి వేసింది. మరిగాక బిడ్డను కేకేసింది. "వచ్చి చూడే, నీ కొలువు పోతుంది."

మర్నాడు పొద్దున్నే ఆమె చాటతో, ఒక గిన్నెడు బియ్యంతో వచ్చింది. "మీ అరుగు మీద నీడ మంచిగుందక్కా, గీడనే కూసుంట" అంది. మూడో నాటికి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చాటలతో వచ్చారు. ఒకామె ఉల్లిగడ్డలు తెచ్చింది, ఒకామె పుంటికూర తెచ్చింది. అందరి చేతులూ ఆకు చుట్టుకుంటూ ఉండగా నేను ఒక్క పొయ్యి మీద అందరికీ వండాను. పెద్దలు అరుగు మీద, పిల్లలు లోపల తినేవాళ్లు.

"బియ్యం నావి, పొయ్యి నీది," అంది ఆ తల్లి, మాటకు మాట చెల్లు పెట్టినట్టు. "ఇగ ఎవలు ఎవలకు పెడుతున్నరో వాడకట్టునే చెప్పమను."

వాడకట్టు ఏమీ చెప్పలేదు. చెప్పేవాళ్లు కూడా అరుగు మీదే కూర్చుని తింటున్నారు మరి.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి రోజు నేను వంటగదిలో పప్పు కలుపుతుంటే పక్క తరగతిలో సారు గొంతు వినిపిస్తోంది. సెలవుల్లో ఎవరెవరు ఏమేం చేశారని ఒక్కొక్కరినే అడుగుతున్నారు. ఒకరు అమ్మమ్మ ఊరు అన్నారు, ఒకరు పెళ్లి అన్నారు. ఆ పిల్ల వంతు వచ్చింది.

"ఉప్పు చూసిన సార్."

"ఏం చూసినవ్?"

"ఉప్పు సార్. రోజూ."

వెనక నుంచి ఇంకో గొంతు, "నేను పులుపు సార్!"

మధ్యాహ్నం సారు వంటగది దగ్గరికి వచ్చి తల గోక్కున్నారు. "ఏందమ్మా, గీ పిల్లలు ఉప్పంటరు, పులుపంటరు, ఏం సంగతి?"

పళ్లేలతో వరస కదులుతోంది. ఆ పిల్ల వంతు రాగానే పప్పు పోశాను. పక్కకు జరగకుండా అక్కడే ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, తల ఊపి ముందుకు పోయింది.

"సార్," అన్నాను, "దసరాకు ఎన్ని దినాలు సెలవులిస్తరు?"

"ఇయ్యాలనే బడి తెరిచినం. అప్పుడే దసరా ఫికర్ ఏంది నీకు?"

"జరం వచ్చేముందే తెల్సుకోవాలె గద సార్" అని, వరసలో తర్వాతి పళ్లెం అందుకున్నాను.