మా కాక హైడ్రోజన్ జీపు

ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన దేన్నైనా నమ్మడం మాకు చాలా తేలిక. దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాసేవి. ఆ తలుపుల్లోంచి మా చంద్రపూర్‌కి రంగుల టీవీలూ కూల్‌డ్రింకులూ వచ్చాయి. పెట్రోల్ ధర మాత్రం ఎక్కిన మెట్టు దిగేది కాదు. నేనప్పుడే బాబుపేట్‌లో ఒక బడిలో సైన్స్ టీచరుగా చేరాను (సైన్స్ అంటే పుస్తకంలో ఉన్నంత వరకే, అట్ట మూస్తే నాకూ పిల్లలకూ పెద్ద తేడా ఉండేది కాదు).

మా నాన్న తమ్ముణ్ని కాక అనేవాళ్లం. ఆయన పాత పెట్రోల్ జీపులో పద్మాపూర్ గనికి మనుషులను తిప్పేవాడు. ఆ ఏడు ఆయన భార్య, మా చిన్నమ్మకు రొమ్ములో గడ్డ అని తేలింది. వారం వారం నాగపూర్ తీసుకెళ్లాలి. రైల్లో ఆ తొక్కిడికి ఆమె తట్టుకోలేదు, జీపేమో పెట్రోల్‌ను మంచినీళ్లలా తాగుతుంది. ఎవరో చెబితే కాక ఒక హైడ్రోజన్ కిట్టు తెచ్చి బానెట్ కింద బిగించాడు. గాజు సీసాలో సోడా కలిపిన నీళ్లు, స్టీలు రేకులు, బ్యాటరీ నుంచి రెండు తీగలు. కరెంటు తగలగానే నీళ్లలోంచి గ్యాసు పుట్టి, పైపు గుండా ఇంజన్లోకి పోయి, పెట్రోల్ ఆదా చేస్తుందట.

"బిడ్డా, నువ్వు సైన్స్ చెప్తవు గద. ఇది అయితదా?" అని అడిగాడు కాక.

నేను గంభీరంగా తొంగిచూసి, "అయితది కాకా. నీళ్లల్ల హైడ్రోజన్ ఉంటది, అది మండుతది" అని పదో తరగతి పాఠం అప్పజెప్పాను. నీళ్లను విడగొట్టే ఆ కరెంటు కూడా పెట్రోల్ కాలితేనే పుడుతుందన్న సంగతి నాకు తట్టనే లేదు. చిన్నమ్మ మాత్రం సీసాలో బుడగలు చూసి, "మంచిగున్నది. చేపలెప్పుడు తెస్తవు?" అంది.

తోడుగా నేనూ వెళ్లాను. మొదటి ప్రయాణంలోనే, దారిలో వరోరా దగ్గర బ్యాటరీ చచ్చి జీపు ఆగింది. హోటల్ ముందు టీ తాగుతున్నవాళ్లు వచ్చి నెట్టారు. ఇంజన్ ఒక్కసారి ఎదురు తన్ని టప్పుమంది. సీసా మూత ఎగిరి హోటలాయన కాళ్ల దగ్గర పడింది. ఆయన దాన్ని తీసి తుడిచి ఇస్తూ, "కాకా, గాడీత్ సోడా బన్వతా కా?" అన్నాడు, బండిలో సోడా చేస్తున్నారా అని. చిన్నమ్మ పక్కటెముకల మీద చెయ్యి అదిమిపెట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. జబ్బు పడ్డాక ఆమె అట్లా నవ్వడం నేను చూడలేదు. తరువాతా చూడలేదు.

మేం నాగపూర్ చేరేసరికి డాక్టరు వెళ్లిపోయాడు. వచ్చే వారం రమ్మన్నారు. కాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంటికొచ్చీ రాగానే పాన పట్టుకుని బానెట్ ఎత్తాడు.

"తియ్యకు. బ్యాటరీ పాతదైతే అదేం చేస్తది? ఆదా అయితున్నది, ఉండనియ్యి" అంది చిన్నమ్మ. నేనూ ఆమెకు వంత పాడాను.

కాక బ్యాటరీ మార్చాడు, కిట్టు ఉంచాడు. వెళ్లిన ప్రతిసారీ దారిలో ఆమె, "ఎట్లున్నది ఆదా?" అని అడిగేది. "మస్తున్నది" అనేవాడు కాక. నేను వెనక సీట్లో కూర్చుని, విజ్ఞానానికి నా వంతు సేవ చేసినందుకు లోలోపల పొంగిపోయేదాన్ని. వానలు మొదలవుతుండగా చిన్నమ్మ పోయింది.

దినాలయ్యాక కాక జీపు అమ్మేస్తానన్నాడు. ఓదారుద్దామని, "ఆ కిట్టు లేకుంటే అన్నిసార్లు తీస్కపోయేటోళ్లమా కాకా" అన్నాను.

కాక తల అడ్డంగా ఊపాడు. "అది పనిచెయ్యలే బిడ్డా. ఇంకింత ఎక్కువ తాగింది. మొదట్లనే తెలిసింది. మీ చిన్నమ్మ ధైర్యంగ ఉంటదని చెప్పలే."

బియ్యం ఏరుతున్న అమ్మ చెయ్యి ఆపింది. "దానికీ తెలుసు. 'ఆయన చేతుల ఏదో ఒక పని ఉండాలె అక్కా, ఊకె కూసుంటే కూలిపోతడు' అన్నది నాతోని."

కాక లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచి వెళ్లిపోయాడు.

ఎన్నో ఏళ్లయింది. తలుచుకున్నప్పుడు నవ్వొస్తుంది, సగంలోనే ఆగిపోతుంది. ఆ జీపులో ముగ్గురం వెళ్లేవాళ్లం. హైడ్రోజన్‌ను మనస్ఫూర్తిగా నమ్మింది మాత్రం సైన్స్ టీచరొక్కతే.