నవ్వకూడదన్న చోట

ఆ రోజుల్లో నవ్వంటే సుఖంగా ఉన్నవాళ్ళ సొత్తని నా నమ్మకం. కడుపు నిండినవాడు నవ్వుతాడు, కష్టంలో ఉన్నవాడు ఏడుస్తాడు, అంతే. (ఇరవై ఏళ్ళ వయసులో లోకం ఇంత తేలిగ్గానే అర్థమవుతుంది.) దివిసీమను ఉప్పెన ముంచేసిన కొద్ది రోజులకు, ఆ నమ్మకంతోనే బెజవాడలో మా కాలేజీ కుర్రాళ్ళతో పాటు నేనూ సాయానికి లారీ ఎక్కాను. మమ్మల్ని తీసుకెళ్ళిన లెక్చరరు గారికి మేం పెట్టుకున్న పేరు గంభీరం మాస్టారు. లారీ కదలకముందే ఆయన మమ్మల్ని వరసగా నిలబెట్టి, "అక్కడ ఒక్కడు పళ్ళు బయటపెట్టినా అట్నుంచటే ఇంటికి పంపించేస్తాను" అన్నారు. పాత లుంగీ కట్టుకెళ్ళమని మా అమ్మ చెప్పినా వినకుండా, కొత్తగా కుట్టించుకున్న బెల్‌బాటమ్ ప్యాంటు వేసుకుని, దారిపొడవునా దిగులు మొహం సాధన చేశాను. కూచిపూడి దాటేసరికి బాగానే కుదిరింది.

అక్కడ దిగాక, సాధన అక్కర్లేదని తెలిసింది. కుళ్ళిన వరి వాసన, తుమ్మచెట్లకు చిక్కుకుని వేలాడుతున్న చీరలు. మిగిలిన జనమంతా ఊళ్ళో కూలకుండా నిలిచిన ఒక్క చర్చిలో తలదాచుకున్నారు. వాళ్ళలో ఊరంతా పెద్దమ్మా అని పిలిచే ఒకావిడ ఉంది. ఆమె ఇంటిల్లిపాదీ నీళ్ళలో పోయారు, తనొక్కతే మిగిలింది. ఏం పెట్టినా పక్కనున్న పిల్లల వైపు జరిపేస్తోంది తప్ప మెతుకు ముట్టడం లేదు. ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు చెప్పి వెళ్ళాడట. మాస్టారు సాంబారన్నం విస్తరి నా చేతిలో పెట్టి, ఎట్లాగైనా తినిపించమన్నారు.

చర్చి గుమ్మంలో కూర్చున్న ఆమె ముందు నిలబడి, నేర్చుకున్న దిగులంతా మొహాన పెట్టుకున్నాను. ఆమె తలెత్తి నా మొహంలోకి చూసింది.

"బాబూ, మీ ఇంట్లో ఎవరన్నా పొయ్యారా?"

"లేదండీ."

"మరి మొగం అట్టా పెట్టావేంది నాయనా? అమ్మా నాన్నా బాగున్నారా?"

సర్వం పోగొట్టుకున్న మనిషి నన్ను ఓదారుస్తోంది. సిగ్గుతో చచ్చిపోయి, విస్తరితో సహా వెనక్కి తిరిగాను. అప్పటికే బురద పట్టి బరువెక్కిన ప్యాంటు అంచును నేనే తొక్కుకుని, చర్చి మెట్ల మీంచి బురదలో బోర్లా పడ్డాను. విస్తరి గాల్లోకి లేచి నా నెత్తినే దిగింది. లేవబోయి రెండోకాలి అంచు తొక్కి మళ్ళీ పడ్డాను. ఎవరూ నవ్వలేదు. అందరూ పెద్దమ్మ వంక చూస్తున్నారు. అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న మనిషి నవ్వితే తప్ప అక్కడ ఇంకెవరూ నవ్వలేరని నాకు అప్పుడు తెలియదు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఇక పిల్లలు, ముసలివాళ్ళు, బాలింతలు, చర్చి చర్చంతా నవ్వింది. గంభీరం మాస్టారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. సాయం చెయ్యడానికొచ్చినవాణ్ణి చూసి ఇంత నవ్వా అని నాకు ఒళ్ళు మండిపోయింది. అంతలో ఆమె నవ్వు ఏడుపులోకి దిగింది. పోయినవాళ్ళను పేరుపేరునా పిలిచి ఏడ్చింది. ఉప్పెన వచ్చాక ఆమె ఏడవడం ఇదే మొదటిసారని పక్కావిడ చెప్పింది. నా కోపం ఏమైపోయిందో నాకే తెలియదు.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని, "ఆ బాబు అన్నం నేలపాలయిందిగా, ఇంకో ఇస్తరి తెండి" అంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తినమంది.

"మీరూ తినండి పెద్దమ్మా."

తిన్నది. మేం బయల్దేరేటప్పుడు, "రేపు గూడా రా నాయనా. పడకపోయినా ఏం కాదులే" అంది. కాలేజీ తెరిచేదాకా రోజూ వెళ్ళాను. అంత బాగా పడటం మళ్ళీ చేతకాలేదు.

నిరుడు మా ఇంటి మెట్ల మీద జారి పడ్డాను. కొడుకూ కోడలూ మనవలూ పరుగెత్తుకొచ్చారు. ఒక్కరూ నవ్వలేదు. ముసలివాణ్ణయిపోయానని అప్పుడే తెలిసింది. అందరూ నా మొహం వంకే చూస్తున్నారు. ఇక తప్పదని, నేనే ముందు నవ్వాను.