ఆయన మగ్గం మీద నేను

నా భర్త పచ్చకామెర్లతో పోయేనాటికి మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. పంతొమ్మిది వందల అరవైల చివరి మాట ఇది. కోటబొమ్మాళి సంతకు నడిచి వెళ్ళి రాగలిగేంత దూరంలో మా ఊరు. అందులో నేతవాళ్ళది ఒకటే వీధి. ఇంట్లో ఇక మిగిలింది మా అత్తా, నేనూ. నాకు పిల్లలు లేరు.

మా వీధిలో నేతపని సగం ఆడవాళ్ళదే. నూలుకి గంజి పెట్టడం, రాట్నం మీద నూలుని కండెలకి చుట్టడం, పొద్దెక్కకముందే వీధి పొడుగునా పడుగు సాచి తెగిన పోగులు అతకడం, అన్నీ మేం చేసేవాళ్ళం. పడుగు సాచిన రోజున అది ఎవరింటిదని చూడకుండా అందరూ వచ్చి చెయ్యి వేసేవారు. కానీ మగ్గం కింద తవ్విన గుంటలోకి దిగి నేతకి కూర్చునేది మాత్రం మగవాళ్ళే. ఎందుకని ఎవరూ అడగలేదు. నాకూ అడగాలని తోచలేదు.

నూలు నేతగాళ్ళ సంఘానిది. చీర పూర్తి చేసి వాళ్ళకి అప్పగించాలి. దినకర్మలు అయ్యాక సంఘం పెద్ద మా ఇంటికి వచ్చాడు. నాకు వరసకి మామ అవుతాడు. అరుగు మీద కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలియక కండువాతో మొహం తుడుచుకుని, చివరికి మా అత్తతో అన్నాడు:

"ఆ సీర ఎవలి సేతైనా పూర్తి సేయిస్తానప్పా. మగ్గం కూడా విప్పీసి ఎవలికైనా ఇచ్చీద్దుమా?"

"ఇప్పుడేటీ సెప్పలేను. ఉండనీ కొన్నాళ్ళు," అంది అత్త.

అలా ఉండిపోయింది మగ్గం. అది కళ్ళబడుతోందని అత్త మధ్యాహ్నాలు తన చెల్లెలింటికి వెళ్ళి కూర్చునేది. నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ఒకనాడు ఎలుకలేమైనా పోగులు కొరికాయేమోనని చూడబోయాను. కొరకలేదు. దుమ్ము దులిపాను. ఇంకా బాగా దులపాలంటే గుంటలోకి దిగాలి కదా అనుకున్నాను. దిగాను. ఆయన మడమల కింద మట్టి అరిగి నున్నగా ఉంది. నా కాళ్ళు తొక్కుడు చెక్కల మీదకి వాటంతటవే వెళ్ళాయి. తాడు లాగితే కండెని మోసే నాడె అటునుంచి ఇటు పరుగెత్తింది.

ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని కండెలు చుడుతూ చూసినదంతా చేతుల్లో దాక్కుని ఉందని అప్పుడు తెలిసింది. మొదట్లో అంచు వంకరపోయింది. విప్పి మళ్ళీ నేశాను. మర్నాడు మళ్ళీ దిగాను. ఆ తర్వాత అత్త గడప దాటడం ఆలస్యం, నేను గుంటలో ఉండేదాన్ని. ఆ పని నాకు ఎంత బాగుందో చెప్పలేను. చెప్పుకోవడానికి మనిషి కూడా లేదు. మొగుడు పోయి ఏడాదైనా తిరగని ఆడది, ఆయన కూర్చున్న చోటే కూర్చుని సంతోషపడుతోందంటే వినేవాళ్ళు ఏమనుకుంటారు?

ఒకరోజు అత్త తొందరగా తిరిగి వచ్చింది. నేను చూసుకోలేదు.

"ఏటే, పాడతన్నావా?"

లాగబోయిన తాడు వదిలేశాను. నాకు తెలియకుండానే కూనిరాగం తీస్తున్నానన్నమాట. "నేదత్తా," అన్నాను. నేను నేసిన గుడ్డ వైపు ఒకసారి చూసి అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొన్ని రోజులు మా మధ్య అన్నం పెట్టమనీ, నీళ్ళు తెమ్మనీ తప్ప మాట లేదు. నేను మగ్గం వైపు వెళ్ళలేదు. ఆయన మొహం గుర్తు తెచ్చుకుని ఏడుద్దామని కూర్చుంటే నాడె చప్పుడే చెవిలో మోగేది. నా మీద నాకే అసహ్యం వేసింది.

మగ్గం చప్పుడు దాచితే దాగేది కాదు. సంఘం అరుగు మీదకి కబురు చేరింది. అత్తనీ నన్నూ పిలిపించారు.

"ఆడకూతురు గుంటలోకి దిగితే రేపు మా ఇళ్ళల్లో ఆడోళ్ళూ దిగుతారు. మరి మేమేటి సేయాల? వంటా?" అన్నాడొక ముసలాయన. కొందరు నవ్వారు.

పెద్ద నవ్వలేదు. "ఏటమ్మా, ఎందుకు దిగినావు?" అని నన్నడిగాడు.

"బతకాల కదా, మావా," అన్నాను.

ఆ మాట పట్టుకుని పెద్ద మిగతావాళ్ళని ఒప్పించాడు. చీర నన్నే పూర్తి చెయ్యమన్నారు. బాగుంటే ఇక మీదట మా అత్త పేరున నూలు ఇస్తామన్నారు.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అత్త అడిగింది, "బతకాలని సెప్పినావు. నీకిష్టమని సెప్పలేదేటి?"

ఇక దాచలేకపోయాను. "ఆయన పోనాడు కాబట్టి నాకిది దొరికిందత్తా. ఆయనుంటే నన్ను కూకోనిస్తారేటి? నాకు సంతోసంగా ఉంటన్నాది. అదే నాకు బయ్యం," అని ఏడ్చాను.

అత్త చెంబు కింద పెట్టి గోడకి జారబడింది.

"నా కొడుకు ఆ గుంటలో కూకుని ఒక్కనాడైనా పాడగా విన్నావా? ఆడికి నేతంటే ఇష్టం నేదే. సాలూరెల్లి లారీ తోలతానని పెళ్ళికి ముందు మూట కట్టుకున్నాడు. నువ్వెల్తే నాను నూతిలో దూకుతానన్నాను. మూట ఇప్పీసి గుంటలోకి దిగినాడు. మరి ఆ మాట ఎత్తలేదు. నిన్ను ఆ రాగంతో సూసినాక, ఆడినెంత ఏడిపించినానో తెలిసొచ్చింది."

నేను ఏడుపు ఆపేశాను. ఆయన పక్కన కూర్చుని ఎన్ని కండెలు చుట్టి అందించానో! ఆయన మౌనాన్ని స్వభావమనుకున్నాను. ఏటి అలగున్నావని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అత్తని ఓదార్చాలని ఉంది గానీ ఏ మొహంతో ఓదార్చను? ఆవిడా నన్ను ఓదార్చలేదు. కాసేపటికి లేచి రాట్నం ముందుకు జరిగి, "రేపటికి కండెలు సాలవు," అని నూలు తీసుకుంది.

చీర సంఘం వాళ్ళకి నచ్చింది. పెద్ద దాన్ని వెలుతురుకి పట్టి, చెయ్యి మారిన చోటు వేలితో చూపించాడు. అక్కడినుంచి నేత కాస్త బిగువుగా ఉంది. ఇంకెవరూ కనిపెట్టలేరని మడత పెట్టేశాడు.

ఆ తర్వాత మా వీధిలో ఇంకా కొందరు ఆడవాళ్ళు మగ్గాల మీద కూర్చున్నారు. "వంటా?" అన్న ముసలాయన కోడలు కూడా. మా అత్త ఉన్నన్నాళ్ళూ నాకు కండెలు చుట్టింది. సాలూరు మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నేత బాగా కుదిరిన రోజున, ఆయన ఇష్టం లేకుండా నేసిన రోజులు గుర్తొచ్చి, అన్నాల దగ్గర మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.