రెండుంబావు చేయి

బళేపేటలో నలభై ఏళ్లు గాజులమ్మిన ఆమె, మా మతిమరుపు పరిశోధనకు ఆరునెలలకోసారి కొడుకుతో వచ్చేది. జ్ఞాపకశక్తి పరీక్షలో గడియారం బొమ్మ గీయమంటే కాగితం పక్కకు తోసి నా చేయి అందుకునేది. కణుపులు నొక్కి చూసి, "రెండుంబావు గాజు సరిపోతాది నీకు. సన్నబడినావు, తింటా ఉండావా లేదా?" అనేది. ఆ కొలత ఒక్కసారీ తప్పలేదు. దాన్ని రాసుకోవడానికి మా ఫారంలో చోటే లేదు.

పోయినసారి కొడుకు అడిగాడు: "ఈ జబ్బు రక్తపరీక్షతో ముందే తెలిసిపోతాదంట కదా మేడమ్? మందులూ వచ్చినాయంట."

వచ్చాయన్నాను. జబ్బు మొదట్లో ఉన్నవాళ్లకే ఇస్తారని ఆ రోజు నాలుగో కుటుంబానికి చెప్పాను.

"అయితే మాయమ్మకు ఆలస్యమైపోయింది." ఆ వెంటనే, "నేను ఆ పరీక్ష చేయించుకోవాల్నా?" అన్నాడు.

అలవాటుగా ఆమె ముందు చేయి చాపాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కణుపులు నొక్కలేదు. ఎవరిదో వస్తువు తిరిగి ఇచ్చేస్తున్నట్టు మెల్లగా నా ఒళ్లో పెట్టేసింది.

కొడుకు అది చూశాడు. చొక్కా చేయి పైకి మడిచి, "రక్తం తీసుకోండి మేడమ్" అన్నాడు.