ఎలిజబెత్ రాణి పెళ్లి, సువార్తమ్మ ఊరి నీళ్లు

2022 ఎండాకాలం. మార్కాపురంలో ఒక జూనియర్ కాలేజీ గదుల్ని ఆదివారాలు అరువు తీసుకుని నడిచే ఓపెన్ డిగ్రీ స్టడీ సెంటరు. నేను అక్కడ చరిత్రకు కౌన్సెలర్‌ని. పేరు గొప్పగా ఉన్నా పని పాఠం చెప్పడమే. మా క్లాసుల్ని కాంటాక్ట్ క్లాసులంటారు. అంటే వారమంతా ఇంట్లో చదువుకున్నవాళ్లు ఆదివారం వచ్చి అర్థం కానివి అడిగి తెలుసుకోవాలి. నా అనుభవంలో అలా అడిగినవాళ్లు చాలా తక్కువ. అందరూ అడిగేది ఒకటే, "మేడం, ఇది ఇంపార్టెంటా?" అని. అది విని విని నా చెవులు తుప్పు పట్టాయి.

ఆ ఏడు నిజంగా అడిగే మనిషి ఒకతె దొరికింది. దొరికాక, అడగనివాళ్లే నయమనిపించింది.

పేరు సువార్తమ్మ. ఇరవై ఎనిమిదేళ్లుంటాయి, పెళ్లి కాలేదు. కంభం దాటి లోపలికి పోతే వచ్చే ఒక మెట్ట పల్లెకు సర్పంచ్. కంభం చెరువు అంత దగ్గరగా ఉన్నా ఆ ఊరికి చుక్క ఎక్కదు. కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం. తను ఉపాధి పనుల్లో కూలీల హాజరు వేసే మేటుగా చేసేది. సర్పంచ్ సీటు ఆడవాళ్లకు రిజర్వయ్యేసరికి, ఈ పిల్లైతే మన చెప్పుచేతల్లో ఉంటుందని ఊళ్లోని రెండు వర్గాలూ ఎవరికి వారు అనుకుని గెలిపించాయట. పదింటి క్లాసుకు ఆమె చర్చి ముగించుకుని, బస్సు పట్టుకుని పన్నెండు దాటాక వచ్చేది. బైబిలు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా బెంచీ మీద సర్దుకుని, పాఠం మళ్లీ మొదటినుంచి చెప్పమనేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ ఆదివారం పాఠం ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్. నేను ఎప్పటిలాగే పాయింట్లు రాయిస్తున్నాను. పాతికేళ్లకు గద్దెనెక్కింది. మతం పేరుతో దేశం రెండుగా చీలి ఉంది. మంత్రులు, పార్లమెంటు పెళ్లి చేసుకోమని పోరు పెట్టారు. స్పెయిన్ రాజు అడిగాడు, ఫ్రెంచి రాజకుమారులు అడిగారు. ఎవరినీ చేసుకోలేదు, దేశాన్నే పెళ్లాడాననుకుంది. తర్వాతి పాయింటుకు పోబోతుంటే సువార్తమ్మ ఆపింది.

"మేడం, వాళ్లకు ఈమె కాదని చెప్పిందా?"

చెప్పలేదన్నాను. ఔననీ చెప్పలేదు. రాయబారులు వస్తారు, కానుకలు వస్తాయి, ఈమె నవ్వుతుంది, ఆలోచిస్తానంటుంది. అలా ఏళ్ల తరబడి నానబెట్టింది. ఒకరికి ఔనంటే రెండోవాడు కత్తి తీస్తాడు. ఇద్దరికీ ఆశ ఉన్నంతకాలం ఎవరూ మీదికి రారు.

"ఎట్ల నానబెట్టింది? ఏం మాటలు చెప్పింది?"

అది సిలబస్‌లో లేదమ్మా, ముందు నువ్వు ఇవ్వాల్సిన అసైన్‌మెంటు ఇవ్వు అన్నాను. అసైన్‌మెంట్ అంటే ఇంట్లో రాసుకొచ్చే జవాబులు. అవి ఇవ్వకపోతే ఆ మార్కులు పోయినట్టే. ఆమె అసైన్‌మెంటు సంగతి వదిలేసి, "నాకు అదే కావాల మేడం" అంది.

ఎందుకు కావాలో భోజనాల వేళ చెప్పింది. మా వైపు ఆడ సర్పంచ్ గెలిస్తే మండలాఫీసు మీటింగులో ఆమె కుర్చీలో భర్త కూర్చుంటాడు. అది ఎవరికీ వింత కాదు, అధికారులే "మీవారు రాలేదా అమ్మా" అని అడుగుతారు. కాబట్టి సువార్తమ్మను చేసుకున్నవాడికి ఊరు కూడా చేతికొచ్చినట్టే. పంచాయతీ బిల్లు ఏది కదలాలన్నా సర్పంచ్ డిజిటల్ సంతకం ఉన్న, కంప్యూటరుకు గుచ్చే బొటనవేలంత డాంగిల్ కావాలి. దాన్ని ఆమె సిలువతో పాటు అదే దారానికి మెడలో కట్టుకుంది. ఇంట్లో పెడితే ఎవరో ఒకరు "మేం దాచిపెడతాం లే" అంటారని భయం.

అడుగుతున్నవాళ్లు ఇద్దరు. ఒకడు సొంత మేనత్త కొడుకు దావీదు. ట్రాక్టరు, ట్యాంకరు అతనివి. రెండోది పామూరు సంబంధం. ఆ కుర్రాడు ఉపసర్పంచ్ మనిషి. ఉపసర్పంచ్ ఊళ్లో పెద్ద రైతు, ఎండాకాలంలో కూడా ఎండని బోరు అతని పొలంలోనే ఉంది. అంటే ఊరు నీళ్లు తాగాలంటే ఉపసర్పంచ్ బోరులోంచి దావీదు ట్యాంకరులోకి రావాలి. ఒకరికి ఔనంటే రెండోవాడు ఆపేస్తాడు. ఇద్దరికీ కాదంటే ఇద్దరూ ఆపేస్తారు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. పంచాయతీకి సొంత బోరు వేశారు, ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు, దానికి రంగు కూడా వేశారు. మోటారుకు కరెంటు మాత్రం ఇవ్వలేదు. అదొక్కటి వచ్చేదాకా ఆమె ఎవరికీ జవాబు చెప్పడానికి లేదు.

ఇదంతా విన్నాక కూడా నాకు విసుగే. నేను ముక్కుసూటి మనిషిని. గోడ మీద పిల్లిలా ఎన్నాళ్లుంటావు, ఇష్టం లేకపోతే లేదని ముఖాన చెప్పెయ్యి అని గట్టిగానే కేకలేశాను.

"చెప్తే సాయంత్రానికి బిందెలు ఖాళీ మేడం. మీరొచ్చి నింపుతారా?"

తర్వాతి వారం ఇంకో ప్రశ్న. రాణి వేసవిలో పరివారంతో బయల్దేరి జమీందార్ల ఇళ్లలో రోజుల తరబడి దిగేదని, దాన్ని ప్రోగ్రెస్ అనేవారని చెప్పాను. వాళ్లెందుకు అంతమందికి తిండి పెట్టాలని అడిగింది. తన ఇంటికి రాణి వచ్చిందన్న గొప్ప ఒకటి, విందుల హడావిడిలో కుట్రలకు తీరిక లేకపోవడం ఒకటి అన్నాను. సువార్తమ్మ కళ్లు మెరిశాయి. వాళ్ల ఊళ్లో మంగళవారం సాయంత్రం కుటుంబ ప్రార్థన ఒక్కో వారం ఒక్కో ఇంట్లో జరుగుతుంది. ప్రార్థన పెట్టుకున్న ఇల్లు ఆ వారం ఎవరితోనూ గొడవకు దిగకూడదని ఆనవాయితీ. ఆమె వార్డు మెంబర్ల మీటింగు కూడా అలాగే తిప్పడం మొదలుపెట్టింది. ఒకసారి దావీదు ఇంట్లో, ఒకసారి ఉపసర్పంచ్ వసారాలో. ఆయన హిందువైనా, వసారా కడిగించి అందరికీ టీలు పెట్టించాడట. ఇవన్నీ వచ్చి నాకు చెబుతుంది. అసైన్‌మెంటు మాత్రం తేదు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

పరీక్షలు వచ్చాయి. సెంటరు మా కాలేజీలోనే. చరిత్ర పేపరు రోజున బస్సు లేదని దావీదు ఆమెను బండి మీద తీసుకొచ్చాడు. ఆమె లోపల రాస్తుంటే నేను నీళ్లు తాగడానికి వరండాలోకి వచ్చాను. అతను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మోటుమనిషిని ఊహించుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమె టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని ఉన్నాడు.

"మేడం, మీ మాటంటే మా సువార్తకు గురి. ఒక్కమాట అడుగుతా. నేనేమన్నా చెడ్డోణ్ణా? ఏడాది దాటె తిరగబట్టి. ఔనో కాదో చెప్పమంటే నవ్వుతాది. కాదంటే కాదనమనండి, రేపటి నుంచి ట్యాంకరు ఎక్కను, నా బతుకు నేను చూసుకుంటా. మీకు తెలిసే ఉంటాది. చెప్పండి."

నాకు తెలుసు. ఇన్ని వారాలుగా ఆమె నోట రప్పించాలని నేను పోట్లాడిన ఆ ఒక్క ముక్క నా నాలుక చివరనే ఉంది. మోటారుకు కరెంటు ఇంకా రాలేదు. లోపల కిటికీ పక్కన ఆమె తల వంచుకుని రాస్తోంది.

"పరీక్షల్లో ఉన్న పిల్ల నాయనా," అన్నాను. "రిజల్ట్ రానీ, చూద్దాం."

అతని ముఖం వికసించింది. "అంటే కాదని కాదు కదా మేడం?"

"కాదని నేను అన్లేదు కదా."

ఆ మాట అన్నాక నా మీద నాకే చిరాకేసింది. అంత మంచివాణ్ణి అలా నిలబెట్టినందుకు జాలీ వేసింది. మా మాటలు ఆమెతో చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఇంక ఎండాకాలం గడుస్తాది" అని మాత్రం అంది.

వానలకు కాస్త ముందు మోటారుకు కరెంటు వచ్చింది. ట్యాంకు నిండి వీధి కొళాయిల్లో నీళ్లు పడిన రోజు సాయంత్రమే ఆమె మేనత్త ఇంటికి పోయి, దావీదు ఎదుట కాదని చెప్పేసింది. పామూరు వాళ్లకూ కబురు పంపింది. మేనత్త శాపనార్థాలు పెట్టింది. దావీదు లేచి పోయి ట్రాక్టరు కడుక్కుంటూ కూర్చున్నాడట. రిజల్ట్ వచ్చాక మార్కుల మెమో తీసుకోవడానికి వచ్చినప్పుడు ఇదంతా చెప్పింది. అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. పోనీలే, ఇష్టంలేని పెళ్లి తప్పింది అన్నాను.

"ఇష్టం లేదని ఎవరు చెప్పినారక్కా?" అంది. మేడం కాస్తా అక్కనయ్యానని అప్పుడు గమనించాను. "దావీదు బావ మంచోడు. చిన్నప్పటి నుంచి నాకు ఇష్టమే. ఔనంటే తెల్లారేసరికి ఆయన సర్పంచ్. నేను సర్పంచ్ పెళ్లాన్ని."

మెడలో దారాన్ని జాకెట్టులోకి తోసుకుని, బస్సు టైమైందని వెళ్లిపోయింది.

ఆమె నాకు నేర్పింది ఒక్కటే. ఆ పాయింటు దగ్గర ఇప్పుడు నేను తొందరపడను. దేశాన్నే పెళ్లాడింది అని రాయించి, కలాలు కింద పెట్టించి, ఎవరిని వదులుకుని పెళ్లాడిందో ఆలోచించమంటాను. అందరూ వాచీలు చూసుకుంటారు. ప్రతి ఏడూ ఎవడో ఒకడు వెనక బెంచీలోంచి చెయ్యెత్తుతాడు.

"మేడం, ఇది ఇంపార్టెంటా?"

ఇంపార్టెంటే నాయనా. పరీక్షలో మాత్రం రాదు.